గొట్లీబ్ డుట్‌వైలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్యూరిక్‌లో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లకు మొదటి వారంలోనే అలవాటయ్యే గుర్తు, నారింజ రంగులో పెద్ద ‘ఎమ్’ అక్షరం. పాలు, కూరగాయలు, బియ్యం అన్నీ ఆ మిగ్రో దుకాణంలోనే. కొన్నాళ్లకు ప్రశ్నలు మొదలవుతాయి. దీని ఓనరెవరు? ఇంత పెద్ద సూపర్‌మార్కెట్‌లో బీరు ఎందుకు లేదు? ‘నువ్వు కూడా సభ్యత్వం తీసుకో’ అని పక్కింటావిడ ఎందుకంటోంది? ఏ ప్రశ్న పట్టుకుని వెళ్లినా చివరికి ఒకే మనిషి దగ్గర తేలతాం. పదేపదే వచ్చే సందేహాలన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొట్టమొదట అడిగేవి

అసలు ఈ డుట్‌వైలర్ ఎవరు? వ్యాపారస్తుడా, రాజకీయ నాయకుడా?

రెండూ. 1888 ఆగస్టు 15న జ్యూరిక్‌లో పుట్టాడు, 1962 జూన్ 8న పోయాడు. 1925లో మిగ్రో మొదలుపెట్టి స్విట్జర్లాండ్‌లో కిరాణా వ్యాపారం రూపురేఖలే మార్చేశాడు. 1935లో పార్లమెంటులో అడుగుపెట్టి, మధ్యలో కొన్నేళ్లు తప్ప చనిపోయేదాకా సభ్యుడిగానే ఉన్నాడు. జనం ముద్దుగా ‘డుట్టి’ అనేవారు. ఆయన ఉద్యోగం వ్యాపారమనీ, రాజకీయం పక్క వ్యాపకమనీ విడదీసి చూస్తే మనిషి అర్థం కాడు. సరుకుల ధర ఎవరు నిర్ణయించాలి అన్న ఒక్క గొడవనే కౌంటర్ దగ్గరా, సభలోనూ పెట్టుకున్నాడు.

వ్యాపారం చేసుకుంటూనే ఎంపీగా ఉండొచ్చా? అక్కడ అడ్డు చెప్పరా?

చెప్పరు. స్విస్ పార్లమెంటు ఏడాది పొడవునా నడవదు. ఏటా కొన్ని సమావేశాలు, ఒక్కోటి సుమారు మూడు వారాలు. మిగతా రోజుల్లో సభ్యులు తమ తమ వృత్తులు చేసుకుంటారు. రైతులు, వకీళ్లు, కంపెనీ యజమానులు, యూనియన్ నాయకులు అందరూ ఉంటారు. కాబట్టి డుట్‌వైలర్ వ్యాపారి అయ్యుండి సభకు రావడం వింతేమీ కాదు. సొంత కంపెనీని అడ్డుకునే చట్టం మీద తానే పార్టీ పెట్టి పోరాడటం మాత్రం వింతే. ‘ఇది దేశం కోసమా, దుకాణం కోసమా’ అని ప్రత్యర్థులు ఆయన్ని జీవితాంతం అడుగుతూనే ఉన్నారు.

పుట్టుకతోనే డబ్బున్న కుటుంబమా?

కాదు, మధ్యతరగతి. తండ్రి జ్యూరిక్‌లోని వినియోగదారుల సహకార సంఘంలో మేనేజరు. అంటే సరుకుల కొనుగోలు, తూకాలు, ధరల మాటలు ఇంట్లో వింటూనే పెరిగాడు. చదువు మీద మనసు నిలవక బడి మధ్యలోనే వదిలేసి, టోకు సరుకుల కంపెనీలో పని నేర్చుకోవడానికి చేరాడు. తండ్రి పనిచేసిన సహకార సంఘాలే తర్వాత కొడుక్కి గట్టి పోటీదార్లయ్యాయి. నేడు మిగ్రోకి ఎదురుగా కనిపించే కో-ఆప్ సూపర్‌మార్కెట్ కూడా ఆ వరుసలోదే.

## మిగ్రోకు ముందు

మొదటి వ్యాపారంలో నిండా మునిగాడంటారు, నిజమేనా?

నిజమే. పని నేర్చుకున్న కంపెనీలోనే భాగస్వామి అయ్యాడు. పేరు కూడా ‘ఫిస్టర్ అండ్ డుట్‌వైలర్’ అని మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాఫీ, నూనెలు, కొవ్వుల లాంటి దిగుమతి సరుకులకు విపరీతమైన గిరాకీ. చేతినిండా డబ్బు, జ్యూరిక్ దగ్గరి ర్యూష్లికోన్‌లో దర్జా ఇల్లు. యుద్ధం అయిపోయాక ధరలు ఒక్కసారిగా కూలాయి. ఎక్కువ ధరకు కొన్న నిల్వలు మెడకు చుట్టుకున్నాయి. 1920ల మొదట్లో కంపెనీ మూసేయాల్సి వచ్చింది. సంపాదించిందంతా పోయింది.

నిల్వ పెట్టుకుని ధర పెరిగేదాకా కూర్చునే వ్యాపారం ఎంత ప్రమాదమో ఆయన అప్పుడే చూశాడు. తర్వాత మిగ్రోలో సరుకు వచ్చిందంటే వెంటనే కదిలిపోవాల్సిందే.

బ్రెజిల్ ఎందుకు వెళ్లాడు? అక్కడేం చేశాడు?

చేతిలో ఏమీ మిగలక, వ్యవసాయం చేద్దామని భార్య అడెలెతో కలిసి వెళ్లాడు. ఆ వాతావరణం ఆమెకు పడలేదు. 1924లో తిరిగొచ్చేశారు. రైతుగా ఆయన సాధించింది లేదు. అయితే కాఫీ పండించేవాడికి దక్కే ధరకూ, అదే కాఫీకి జ్యూరిక్‌లో ఇల్లాలు కట్టే ధరకూ ఉన్న తేడా ఆయనకు అక్కడ కళ్లకు కట్టింది. ఆ తేడా అంతా మధ్యలో ఎవరెవరి జేబుల్లోకి పోతోందో టోకు వ్యాపారం చేసినవాడికి వేరే చెప్పాలా?

## లారీల రోజులు

దుకాణం పెట్టకుండా లారీలతో ఎందుకు మొదలుపెట్టాడు?

అద్దె, అలంకరణ, గుమాస్తాల జీతాలు, పద్దు పుస్తకాలు, ఇవన్నీ ధరలో కలుస్తాయి కాబట్టి. లక్ష ఫ్రాంకుల పెట్టుబడితో కంపెనీ పెట్టి, ఐదు ఫోర్డ్ టి మోడల్ బళ్లను నడిచే దుకాణాలుగా మార్పించాడు. 1925 ఆగస్టు 25న అవి జ్యూరిక్ వీధుల్లోకి వచ్చాయి. ఏ మలుపు దగ్గర ఎన్నింటికి ఆగుతుందో ముందే కరపత్రాల్లో చెప్పేవారు. బండి ఆగేది, ఆడవాళ్లు సంచులతో వచ్చేవాళ్లు, డబ్బు చేతిలో పెట్టి పొట్లం తీసుకునేవాళ్లు, బండి తర్వాతి మలుపుకు కదిలేది. అరువు లేదు, బేరం లేదు, తూచడం కూడా లేదు. లెక్క తెలిసిన ఇల్లాలికీ, లెక్క చూసుకుంటే గాని గడవని ఇల్లాలికీ అంటూ ఆ కరపత్రం సూటిగా ఆడవాళ్లనే పిలిచింది. ఇంటి ఖర్చు ఎవరి చేతుల్లో ఉందో ఆయనకు బాగా తెలుసు.

మొదట్లో ఆరే సరుకులా? ఏమేమిటి?

కాఫీ, బియ్యం, పంచదార, పాస్తా, కొబ్బరి కొవ్వు, సబ్బు. అంతే. అన్నీ రోజూ వాడేవి, త్వరగా పాడవనివి, పొట్లం కట్టి పెట్టుకోదగ్గవి. పాలు, మాంసం, కూరగాయల జోలికి అప్పుడే పోలేదు. జనం ఎగబడేసరికి సరుకుల పట్టిక పెరుగుతూ పోయింది. 1926లో జ్యూరిక్‌లోనే మొదటి దుకాణం కూడా తెరిచాడు.

ధరలు అంత తక్కువకి ఎలా ఇవ్వగలిగాడు? నాసిరకం అమ్మాడా?

నాసిరకం అమ్మి ఉంటే రెండోసారి బండి దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. కిటుకు వేరే ఉంది. ఒక్కో వస్తువు మీద లాభం తక్కువ వేసుకుని, సరుకును చాలా వేగంగా తిప్పాడు. వంద పొట్లాల మీద నెలకొకసారి వచ్చే లాభం కన్నా, అదే డబ్బును వారానికోసారి తిప్పితే వచ్చేది ఎక్కువ కదా.

ఇంకో చిన్న ఉపాయం నాకు భలే నచ్చుతుంది. మామూలుగా తూకం నిలకడగా ఉంటుంది, ధర మారుతుంది. ఈయన తిరగేశాడు. ధర సరిసమానంగా ఉంచి, పొట్లంలో బరువు మార్చాడు. కిలో ధర తగ్గితే అదే నాణేనికి ఇంకొన్ని గ్రాములు ఎక్కువ వచ్చేవి. అందుకే పొట్లాల మీద వింత వింత బరువులు కనిపించేవి. దానివల్ల డ్రైవరుకు చిల్లర వెతుక్కునే బాధ లేదు, వెనకున్నవాళ్లకు నిలబడే బాధ తప్పింది.

మిగతా దుకాణదారులు చూస్తూ ఊరుకున్నారా?

ఊరుకోలేదు. బండి దగ్గర కొన్నవాళ్లకు ఇక తమ దుకాణంలో మర్యాద దక్కదని బెదిరించినవాళ్లున్నారు. కొన్ని ఊళ్లు, రాష్ట్రాలు (అక్కడ కాంటన్లంటారు) బళ్ల మీద భారీ రుసుములు వేశాయి. ఎక్కడ ఆగొచ్చో, ఎంతసేపు ఆగొచ్చో ఆంక్షలు పెట్టాయి. అసలు దెబ్బ తయారీదారుల నుంచి వచ్చింది. మిగ్రోకి సరుకిస్తే మీ సరుకు మేం అమ్మం అని వర్తక సంఘాలు పట్టుబట్టడంతో చాలా కంపెనీలు ఆయనకు సప్లై ఆపేశాయి.

చిన్న దుకాణదారుల వైపు నుంచి చూస్తే వాళ్ల భయం అబద్ధం కాదు. భార్యాభర్తలిద్దరూ పొద్దుట్నుంచి రాత్రిదాకా కొట్లో నిలబడితే గాని గడవని కుటుంబాలవి. డుట్‌వైలర్ కథ చెప్పేవాళ్లు ఈ ముక్క తొందరగా దాటేస్తుంటారు.

సప్లై ఆపేస్తే ఏం చేశాడు? సొంత బ్రాండ్లు అలా వచ్చినవేనా?

అవును. అమ్మకపోతే నేనే చేసుకుంటానన్నాడు. 1928లో జ్యూరిక్ సరస్సు ఒడ్డున మైలెన్‌లో పండ్లరసాల ఫ్యాక్టరీ కొన్నాడు. ఆపైన ఒక్కొక్కటీ తోడయ్యాయి. ఇవాళ్టికీ మిగ్రో అరల్లో సొంత తయారీ సరుకే ఎక్కువగా కనిపించడానికి మూలం ఆ బహిష్కారమే.

పేర్లలో మాత్రం చిలిపితనం చూపించాడు. కెఫీన్ తీసేసిన ‘కాఫీ హాగ్’ అని పేరున్న బ్రాండ్ ఉండేది. హాగ్ అంటే పొద కంచె. ఈయన తన కాఫీకి ‘త్సౌన్’ అని పెట్టాడు, అంటే మామూలు కంచె. ‘ఓవోమాల్టిన్’ అనే మాల్ట్ పానీయానికి పోటీగా ‘ఐమాల్ట్‌సిన్’ వచ్చింది. పెర్సిల్ సబ్బుపొడి చేసే హెంకెల్ కంపెనీని ఎత్తిపొడుస్తూ ‘హెంకెల్ లేకుండా’ అనే అర్థం వచ్చేలా ‘ఒహే’ అన్న పొడిని దింపాడు. కోర్టు కేసులు వరసగా పడ్డాయి. పడనీ అనుకున్నాడు. ప్రతి కేసూ పత్రికల్లో ఉచిత ప్రచారమే అయింది.

మిగ్రోలో మందు, సిగరెట్లు ఎందుకు అమ్మరు?

1928 నుంచీ ఆయన పెట్టుకున్న నియమం అది. కూలి డబ్బు తాగుడికి పోతే ఇంట్లో పిల్లల కడుపు మాడుతుంది, ఆ పాపంలో నేను పాలు పంచుకోను అన్నది ఆయన వాదన. దేశంలో తాగుడు అప్పట్లో పెద్ద సమస్యే. ఇందులో వ్యాపార లెక్క కూడా లేకపోలేదు. మద్యం లేని పండ్లరసం తానే తయారు చేయిస్తున్నాడు, పైగా ఇల్లాళ్ల నమ్మకం దొరికింది. అలాగని ఆయన సన్యాసేమీ కాదు, చేతిలో చుట్టతో దిగిన ఫొటోలు బోలెడున్నాయి.

కొత్త బ్రాంచీలు తెరవకూడదని నిజంగానే చట్టం చేశారా?

చేశారు. ఆర్థిక మాంద్యం రోజులవి. 1933 అక్టోబరులో ఫెడరల్ పార్లమెంటు గొలుసు దుకాణాలు, పెద్ద దుకాణాలు కొత్తగా తెరవడాన్నీ, ఉన్నవాటిని పెంచడాన్నీ నిషేధించింది. మిగ్రో పేరు అందులో లేదు గానీ దెబ్బ ఎవరికో అందరికీ తెలుసు. కొద్దికాలానికి అన్న ఆ నిషేధాన్ని పొడిగిస్తూ పోయి 1945 చివరిదాకా సాగదీశారు.

ఆయనకు మరీ కడుపు మండిన సంగతి ఇంకొకటుంది. స్విట్జర్లాండ్‌లో మామూలు చట్టమైతే సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు పెట్టించవచ్చు. దీన్ని ‘అత్యవసరం’ అన్న ముద్ర వేసి ఆ దారి మూసేశారు.

బ్రాంచీలు పెట్టలేనప్పుడు 1937లో ‘గీరో’ పద్ధతి తెచ్చాడు. విడిగా నడిచే చిన్న కిరాణా కొట్లకు మిగ్రో సరుకు ఇచ్చి, మిగ్రో ధరలకే అమ్మించడం. ఎవరిని కాపాడతామని చట్టం తెచ్చారో వాళ్లలోనే కొందరు ఆయన మనుషులయ్యారు. నిషేధం ఎత్తేశాక ఆగలేదు. 1948లో జ్యూరిక్‌లో దేశంలోనే మొదటి సెల్ఫ్ సర్వీస్ దుకాణం తెరిచాడు.

## రాజకీయాల్లో

ఉన్న పార్టీల్లో చేరకుండా కొత్త పార్టీ ఎందుకు?

ఏ పార్టీ తనను రానివ్వదు కాబట్టి. కుడి పక్షాల వెనక వర్తక సంఘాలు, రైతు సంఘాలు ఉన్నాయి. సోషలిస్టులకు సహకార సంఘాలు సొంతింటివి. మిగ్రో అందరికీ కంట్లో నలుసే. 1935 ఎన్నికల్లో ‘ఇండిపెండెంట్ల’ పేరుతో జాబితా నిలబెట్టాడు. 187 మంది ఉన్న దిగువ సభలో తొలిసారే 7 సీట్లు వచ్చాయి. 1936లో అది ‘స్వతంత్రుల కూటమి’ అనే అర్థం వచ్చే పేరుతో పూర్తిస్థాయి పార్టీ అయింది. వినియోగదారు అనేవాడి తరఫున సభలో మాట్లాడేవాడు లేడన్నది దాని మొదటి ఫిర్యాదు.

ఆయన లెఫ్టా, రైటా?

మన కొలబద్దలతో కొలిస్తే చిక్కు. ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టకూడదంటాడు, పోటీ కావాలంటాడు, అది రైట్ మాట. లాభం సమాజానికి చెందాలంటాడు, పెట్టుబడికి బాధ్యత ఉండాలంటాడు, అది లెఫ్ట్ మాట. తనదాన్ని ‘సామాజిక పెట్టుబడి’ అని పిలుచుకున్నాడు. నా అంచనాలో ఆయన కోపం అంతా కుమ్మక్కు మీదే. నలుగురు కూర్చుని ధర కట్టేయడం ఎక్కడ కనిపించినా, వాళ్లు ఏ రంగు వాళ్లయినా, మీద పడేవాడు.

పార్లమెంటు కిటికీ అద్దాలు రాళ్లతో పగలగొట్టాడట కదా, కల్పితమా?

కల్పితం కాదు, 1948లో జరిగింది. యుద్ధం మళ్లీ వస్తే దేశానికి తిండి నిల్వలు కావాలని ఆయన పట్టు. యుద్ధానికి ముందు కూడా ఇళ్లలో సరుకు నిల్వ పెట్టుకోమని జనానికి చెప్పినవాడు. ఆ విషయం మీద తీర్మానం పెడితే సభలో చర్చకు రానివ్వకుండా వాయిదాలు వేస్తూ పోయారు. సహనం నశించి బెర్న్‌లోని పార్లమెంటు భవనంలో కిటికీ అద్దాల మీద రెండు రాళ్లు విసిరాడు. అప్పటికి అరవయ్యేళ్ల మనిషి, దేశంలో పేరున్న వ్యాపారి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మరుసటి ఏడాదే జ్యూరిక్ ఓటర్లు ఆయన్ని ఎగువ సభకు పంపారు.

మంత్రి పదవి ఏమైనా వచ్చిందా?

రాలేదు. స్విట్జర్లాండ్‌లో ఏడుగురు మంత్రులను పెద్ద పార్టీలు సర్దుకుని పంచుకుంటాయి. ఆయన ఎప్పుడూ బయటివాడే. 1935 నుంచి 1940 వరకు, మళ్లీ 1943 నుంచి 1949 వరకు దిగువ సభలో, 1949 నుంచి 1951 వరకు ఎగువ సభలో, ఆపైన చనిపోయేదాకా దిగువ సభలో ఉన్నాడు.

పత్రిక కూడా నడిపాడా?

రెండు. ‘డీ టాట్’ 1935లో వారపత్రికగా మొదలై తర్వాత దినపత్రిక అయింది, 1978లో ఆగిపోయింది. 1942లో మిగ్రో సభ్యుల కోసం ఇంకో వారపత్రిక పెట్టాడు. పేరు మారినా అది ఈనాటికీ వస్తూనే ఉంది. వీటికి ముందు కూడా ఇతర పత్రికల్లో డబ్బు కట్టి స్థలం కొని, అందులో ప్రకటనకు బదులు తన వ్యాసాలు వేయించుకునేవాడు. ధరల పట్టిక, రాజకీయ విసుర్లు పక్కపక్కనే.

## ఆస్తి ఇచ్చేయడం

కోట్ల కంపెనీని నిజంగా ఊరికే జనానికి ఇచ్చేశాడా?

ఇచ్చేశాడు. 1940, 41లలో మిగ్రోని ప్రైవేటు కంపెనీ నుంచి ప్రాంతీయ సహకార సంఘాలుగా మార్చాడు. పేర్లు నమోదు చేసుకున్న కొనుగోలుదారులకు తలా 30 ఫ్రాంకుల వాటాపత్రం ఉచితంగా ఇచ్చాడు. నిన్నటిదాకా సంచి పట్టుకుని బండి కోసం ఎదురుచూసిన ఆవిడ ఇవాళ యజమానుల్లో ఒకతె. అంతా వదిలేసినా పగ్గాలు వదల్లేదు. సంస్థ పెద్దగా చివరిదాకా ఆయన మాటే చెల్లింది.

ఎందుకిచ్చాడు? పన్ను తప్పించుకోవడానికా?

ఆ అనుమానం అప్పుడూ ఉంది. కారణాలు ఒకటి కాదు. పిల్లలు లేరు. నాలుగు పక్కలా యుద్ధం, రేపు దేశం ఉంటుందో లేదో తెలీదు. బెర్లిన్‌లో పెట్టిన మిగ్రో వ్యాపారం నాజీలు అధికారానికి రావడంతో మూతపడటం ఆయన చూశాడు. లక్షల ఇళ్ల చేతుల్లో ఉన్న సంస్థ మీద చెయ్యి వేయడం ఎవరికైనా కష్టం. రాజకీయంగానూ, ‘సొంత లాభం కోసమే’ అన్న నింద నోరు మూయించినట్టవుతుంది. వీటికి తోడు ఆయన నిజంగానే దాన్ని నమ్మాడు. లెక్కా, నమ్మకమూ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

ఇచ్చేశాక ఎలా బతికాడు?

సాదాగా. ర్యూష్లికోన్‌లో చిన్న ఇల్లు, ఫియట్ టొపొలీనో అనే బుల్లి కారు. భారీ శరీరం అందులోంచి దిగడం కార్టూనిస్టులకు పండగ. అదే ఊళ్లో ఉన్న తమ విశాలమైన తోటను భార్యాభర్తలు 1946లో ప్రజలకు ఇచ్చేశారు.

ఇప్పుడు మిగ్రో సభ్యులకు డివిడెండ్ వస్తుందా? మాకూ సభ్యత్వం ఇస్తారా?

డివిడెండ్ రాదు. అక్కడ నివాసం ఉన్నవాళ్లు ఉచితంగా సభ్యులు కావచ్చు. వారపత్రిక ఇంటికొస్తుంది, ఏటా లెక్కల మీద ఓటింగ్ కాగితం వస్తుంది. ఇప్పుడు పది ప్రాంతీయ సంఘాలు, ఇరవై లక్షలకు పైగా సభ్యులు. మరి నిజమైన అధికారం సభ్యులదేనా అంటే, నాకు అనుమానమే. 1980లో ‘మిగ్రో వసంతం’ పేరుతో ఒక బృందం యాజమాన్యానికి ఎదురుగా నిలబడి చిత్తుగా ఓడింది. ఆ తర్వాత అంత గట్టి పోటీ రాలేదు.

సంస్కృతికి ఒక శాతం అంటారు, అదేమిటి?

1957లో సంస్థ నియమావళిలోనే రాయించిన షరతు. లాభం మీద కాదు, అమ్మకాల మీద ఒక వంతు సంగీతం, నాటకం, చదువు, సామాజిక పనులకు పోవాలి. ప్రాంతీయ సంఘాలన్నిటినీ కలిపే కేంద్ర సమాఖ్య టోకు అమ్మకాల్లో ఒక శాతం, ప్రాంతీయ సంఘాలు చిల్లర అమ్మకాల్లో అర శాతం. నష్టం వచ్చినా ఇవ్వాల్సిందే కాబట్టి చేతులెత్తేసే వీల్లేదు. ఈ రోజుల్లో ఏటా పది కోట్ల ఫ్రాంకులకు పైనే. మనవాళ్లు జర్మన్ నేర్చుకోవడానికి వెళ్లే ‘క్లబ్ స్కూల్’ 1944లో చౌక భాషా తరగతులుగా మొదలైంది, అదీ ఆయన ఆలోచనే.

## ఆయన తర్వాత

పార్టీ ఇప్పుడు ఉందా?

లేదు. 1967లో 16 సీట్లతో శిఖరం చూసి, ఆ తర్వాత జారుతూ వచ్చింది. పర్యావరణం గురించి ముందుగానే మాట్లాడింది గానీ, గ్రీన్ పార్టీలు వచ్చాక ఆ ఓట్లూ పోయాయి. 1999లో రద్దు చేసుకున్నారు. దుకాణం నిలిచింది, పార్టీ నిలవలేదు.

టర్కీలోనూ మిగ్రో చూశాం, అదీ వీళ్లదేనా?

పుట్టుక వీళ్లదే. ధరలు మండిపోతున్న ఇస్తాంబుల్‌లో సాయం చేయమని పిలిస్తే 1954లో వెళ్లి అక్కడా లారీలతోనే మొదలుపెట్టారు. 1975లో అది టర్కీ వాళ్ల చేతికి వెళ్లిపోయింది. పేరు మాత్రం అలాగే ఉంది.

మందు నిషేధం ఇప్పటికైనా ఎత్తేస్తారా?

2022లో సభ్యులనే అడిగారు. పది సంఘాలూ వద్దన్నాయి. జ్యూరిక్‌లోనైతే ఐదుగురిలో నలుగురు వద్దని వేశారు. ఇందులో తిరకాసు లేకపోలేదు. 2007లో మిగ్రో చేతికొచ్చిన డెన్నర్ దుకాణాల్లో వైన్, బీరు, సిగరెట్లు దండిగా దొరుకుతాయి. చాలా ఊళ్లలో డెన్నర్ మిగ్రో పక్కనే ఉంటుంది. డుట్‌వైలర్ బతికుంటే దీని మీద పత్రికలో ఏం రాసేవాడో ఊహించుకోవచ్చు.

ఆయనకు సంబంధించి చూడదగ్గ చోటు ఏదైనా ఉందా?

ర్యూష్లికోన్‌లో ఆ దంపతులు ఇచ్చిన తోట ఉంది, జ్యూరిక్ నుంచి లోకల్ ట్రైన్‌లో దగ్గరే. టికెట్ లేదు. పెద్ద పచ్చిక, కింద సరస్సు, పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది. పక్కనే ఆయన పేరు మీద 1963లో తెరిచిన పరిశోధన సంస్థ ఉంది. పాత లారీల కోసం మాత్రం వీధుల్లో వెతక్కండి, ఆఖరి మిగ్రో బండి 2007లో ఆగిపోయింది.